స్టూడెంట్ పోలీస్ కేడెట్ పథకం: పాఠశాల విద్యార్థులకు పోలీసు వ్యవస్థ పరిచయం

(ప్రత్యేక వ్యాసం)

పాఠశాల విద్యార్థులకు పోలీసు వ్యవస్థ పనితీరును, చట్టాల ప్రాథమిక పరిజ్ఞానాన్ని, పౌర బాధ్యతలను పరిచయం చేయాలన్న ఉద్దేశంతో రూపొందిన స్టూడెంట్ పోలీస్ కేడెట్ పథకం 2010 ఆగస్టు 2వ తేదీన కేరళ రాష్ట్రంలో ప్రారంభమైనది. కొన్ని రాష్ట్రాలలో అమలైన అనంతరం 2018 జూలై 21వ తేదీన దీనిని కేంద్ర ప్రభుత్వం జాతీయ స్థాయికి విస్తరించినది. పథకం లక్ష్యాలు, నిర్మాణం, పోలీసు ఉద్యోగ నియామకాలతో దీనికి గల సంబంధం, కేడెట్ల భద్రత విషయమై పాటించవలసిన జాగ్రత్తలు పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఈ దిగువ వివరించడమైనది.

నేపథ్యం

లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం, 2012 లోని 24వ సెక్షను ప్రకారం బాలల వాంగ్మూలాన్ని నమోదు చేసే పోలీసు అధికారి ఆ సమయంలో యూనిఫాం ధరించి ఉండరాదు. ఖాకీ దుస్తులను చూచి బాలలు భయపడుదురని, భయపడిన బాలలు జరిగిన విషయాన్ని చెప్పలేరని చట్టసభ గుర్తించినందువల్లనే ఈ నిబంధన ఏర్పడినది. అదే దేశంలో, దాదాపు అదే కాలంలో, ఖాకీ యూనిఫాంను విద్యార్థులకే ధరింపజేసే పథకం కూడ రూపుదిద్దుకొన్నది. ఈ రెండూ పరస్పర విరుద్ధములుగా కనిపించినప్పటికీ రెండింటికీ మూలం ఒక్కటే. పోలీసు స్టేషనుకు, సామాన్య కుటుంబంలోని బాలలకు మధ్య గల దూరమే ఆ మూలం. చట్టం ఆ దూరాన్ని గుర్తించి యూనిఫాంను పక్కన పెట్టమన్నది. కేడెట్ పథకం ఆ దూరాన్ని తగ్గించుటకు యూనిఫాంలోని మనిషిని పాఠశాలకు పంపినది.

కేరళ పోలీసు శాఖ ప్రజలతో నేరుగా సంబంధాలు నెలకొల్పుకొనే ఉద్దేశంతో 2008లో జనమైత్రి సురక్షా పథకాన్ని ప్రారంభించినది. బీటు అధికారులు తమ పరిధిలోని ఇళ్లకు వెళ్లి ప్రజలతో పరిచయం పెంచుకొనుట దీనిలో ప్రధానాంశం. ఈ సామాజిక పోలీసు విధానాన్ని పాఠశాలలకు వర్తింపజేయగా ఏర్పడినదే స్టూడెంట్ పోలీస్ కేడెట్ పథకం. ఐపీఎస్ అధికారి పి. విజయన్ ఈ పథకానికి రూపకల్పన గావించిన వారిలో ప్రముఖులు. హోం శాఖ, విద్యా శాఖలు సంయుక్తంగా బాధ్యత వహించగా, రవాణా, అటవీ, ఎక్సైజ్, స్థానిక స్వపరిపాలన శాఖలు సహకారం అందించినవి.

కేరళలో పథకం నిర్మాణం

తొలి విడతలో 127 పాఠశాలలలో 11,176 మంది విద్యార్థులతో పథకం ప్రారంభమైనది. ఒక్కొక్క బ్యాచ్‌లో 44 మంది కేడెట్లు ఉంటారు. వీరిలో 22 మంది బాలురు, 22 మంది బాలికలు. శిక్షణ రెండు సంవత్సరాలు కొనసాగును గనుక జూనియర్, సీనియర్ బ్యాచ్‌లు కలిపి ఒక పాఠశాలలో ఒకే సమయంలో 88 మంది శిక్షణ పొందే వీలు కలదు.

ఎంపిక ఎనిమిదవ తరగతిలో జరుగును. వ్రాత పరీక్ష, శారీరక సామర్థ్య పరీక్షల ఆధారంగా విద్యార్థులను ఎంపిక చేస్తారు. పాఠశాలలోని ఇద్దరు ఉపాధ్యాయులు కమ్యూనిటీ పోలీస్ అధికారి, సహాయ కమ్యూనిటీ పోలీస్ అధికారి హోదాలలో బాధ్యతలు నిర్వహిస్తారు. స్థానిక పోలీసు స్టేషను నుండి వచ్చే సిబ్బంది డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్లుగా వ్యవహరిస్తారు. జిల్లా స్థాయిలోను, రాష్ట్ర స్థాయిలోను నోడల్ అధికారులు పర్యవేక్షిస్తారు.

ఈ ఏర్పాటులో గమనింపదగిన విషయం ఒకటున్నది. విద్యార్థికి దైనందిన వ్యవహారంలో బాధ్యుడైన అధికారి ఉపాధ్యాయుడే గాని పోలీసు కాదు. తరగతిలో ఆ విద్యార్థి స్వభావం, ఇంటి పరిస్థితి, చదువులో వెనుకబాటు ఎరిగిన వ్యక్తి చేతిలోనే కేడెట్ బాధ్యత ఉంచబడినది. పోలీసు శాఖ తన సిబ్బందిని, నైపుణ్యాన్ని పాఠశాలకు సమకూర్చును. పాఠశాల తన విద్యార్థులను పోలీసు శాఖకు అప్పగించదు.

శిక్షణాంశాలు

వారంలో రెండు రోజులు శిక్షణ ఉండును. వ్యాయామం, కవాతు, తరగతి గది బోధన, క్షేత్ర సందర్శనలు ఇందులో భాగం. ఓణం, క్రిస్మస్, వేసవి సెలవులలో శిబిరాలు నిర్వహిస్తారు. రెండవ సంవత్సరాంతమున పాసింగ్ అవుట్ పరేడ్‌తో శిక్షణ ముగియును. రోడ్డు భద్రతకు సంబంధించిన 'శుభయాత్ర', వ్యర్థ పదార్థాల నిర్వహణ, మొక్కల పెంపకం, ఆరోగ్య పరిరక్షణ, చట్టాలపై అవగాహన మొదలైన అంశాలపై విద్యార్థులచే కార్యక్రమాలు చేయిస్తారు.

రోడ్డు భద్రత పాఠాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. 2022వ సంవత్సరంలో దేశవ్యాప్తంగా 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించగా 1,68,491 మంది మరణించారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ మేరకు చేర్చబడిన 199ఏ సెక్షను ప్రకారం, మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడిన పక్షంలో సంరక్షకుడు లేదా వాహన యజమాని 3 సంవత్సరాల వరకు జైలు శిక్షకు, 25,000 రూపాయల జరిమానాకు గురి కావలసి వచ్చును. వాహన రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దగును. తండ్రి మోటారు సైకిలును ట్యూషనుకు తీసుకొని వెళ్లే తొమ్మిదవ తరగతి విద్యార్థికి ఈ విషయం తెలియుట ఆ కుటుంబమంతటికీ ఉపకరించును. ఉపన్యాసం కంటె ఇటువంటి ఒక్క నిర్దిష్టమైన సమాచారం ఎక్కువ కాలం గుర్తుండును.

అట్లే అత్యవసర సేవలకు 112, బాలల సహాయానికి 1098, సైబరు మోసాల ఫిర్యాదుకు 1930 అను నంబర్లు ప్రతి కేడెట్‌కు కంఠస్థం కావలసినవి. తెలంగాణలో మహిళల భద్రతకై 2014 అక్టోబరులో హైదరాబాదులో ఏర్పాటైన షీ టీమ్స్ వంటి విభాగాలు ఫిర్యాదును ఏ విధంగా స్వీకరించునో తెలిసిన బాలిక, ఆపద సమయంలో ఎవరిని ఆశ్రయించవలెనో ఇతరులను అడుగనవసరం ఉండదు.

జాతీయ స్థాయికి విస్తరణ

కేరళ అనుభవాన్ని పరిశీలించిన పిమ్మట కర్ణాటక, గుజరాత్, రాజస్థాన్, హర్యానా మొదలగు రాష్ట్రాలు ఈ పథకాన్ని చేపట్టినవి. 2018 జూలై 21న హర్యానాలోని గురుగ్రామ్‌లో జరిగిన కార్యక్రమంలో నాటి కేంద్ర హోం మంత్రి రాజ్‌నాథ్ సింగ్ జాతీయ స్థాయి పథకాన్ని ప్రారంభించారు. నాటి మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి ప్రకాశ్ జావడేకర్, నాటి హర్యానా ముఖ్యమంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ పాల్గొన్నారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులను ఉద్దేశించిన ఈ కార్యక్రమాన్ని గ్రామీణ, పట్టణ ప్రాంతాలలోని ప్రభుత్వ పాఠశాలలలో తొలుత అమలు చేయుటకు నిర్ణయించారు. విద్యార్థులపై అదనపు భారం పడకుండ ప్రత్యేక పాఠ్య పుస్తకం గాని, పరీక్ష గాని లేకుండ, నెలకు ఒక తరగతి చొప్పున బోధన ప్రతిపాదించబడినది. బోధనాంశాలను రెండు భాగాలుగా విభజించారు. నేర నివారణ, నియంత్రణ అను మొదటి భాగంలో సామాజిక పోలీసు విధానం, రోడ్డు భద్రత, సాంఘిక దురాచారాలపై పోరాటం, మహిళలు, బాలల భద్రత, అవినీతి నిరోధం, విపత్తుల నిర్వహణ చేరినవి. విలువలు, నైతికత అను రెండవ భాగంలో పెద్దల ఎడ గౌరవం, సానుభూతి, సహనం, ఓర్పు, సమష్టి కృషి, క్రమశిక్షణ మొదలగునవి ఉన్నవి.

రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు ఈ పథకం క్రింద 67 కోట్ల రూపాయలు విడుదల చేయబడినవి. బోధన సామగ్రి, శిక్షణ, ఇతర ఖర్చుల నిమిత్తం ఒక్కొక్క పాఠశాలకు 50,000 రూపాయలు నిర్ణయించారు. ఆ లెక్కన విడుదలైన మొత్తం 13,400 పాఠశాలలకు సరిపోవును.

పేరు ఒక్కటే, ప్రమాణం వేరు

పై వివరాలను బట్టి కేరళ నమూనాకు, జాతీయ నమూనాకు మధ్య వ్యత్యాసం స్పష్టమగుచున్నది. కేరళలో వారానికి రెండు రోజులు, సెలవులలో శిబిరాలు, రెండు సంవత్సరాల నిరంతర శిక్షణ కలవు. జాతీయ ప్రతిపాదనలో నెలకు ఒక తరగతి. విద్యా సంవత్సరాన్ని పది నెలలుగా తీసుకొన్న పక్షంలో రెండు సంవత్సరాలలో విద్యార్థికి లభించునవి 20 తరగతులు మాత్రమే. తక్కువ వ్యయంతో ఎక్కువ పాఠశాలలకు చేరుట జాతీయ నమూనాలోని అనుకూలత. ఒకే పోలీసు అధికారిని తరచు చూచుట వల్ల ఏర్పడే పరిచయం, చనువు కేరళ నమూనాలోని బలం.

కావున ఎన్ని పాఠశాలలలో పథకం ప్రారంభమైనది అను సంఖ్య ఒక్కటే పథకం ప్రగతికి కొలమానం కాజాలదు. ప్రారంభోత్సవం తరువాత ఎన్ని తరగతులు జరిగినవి, బోధించుటకు వచ్చిన అధికారి మరుసటి నెల కూడ వచ్చినారా, బదిలీ అయిన ఉపాధ్యాయుని స్థానంలో మరొకరికి శిక్షణ ఇచ్చినారా అను అంశాలు అంతకంటె ముఖ్యమైనవి.

ఉద్యోగ నియామకాలతో సంబంధం

కేడెట్ శిక్షణ పొందినవారికి పోలీసు ఉద్యోగం నేరుగా లభించునన్న అభిప్రాయం తల్లిదండ్రులలో కొంతవరకు వ్యాపించి ఉన్నది. ఇది సరికాదు. పథకం ప్రధాన లక్ష్యం బాధ్యతాయుతులైన పౌరులను తీర్చిదిద్దుట. పోలీసు వృత్తి ఎట్టిదో ముందుగా తెలిసికొనే అవకాశం కేడెట్‌కు లభించును. నియామకానికి మాత్రం అందరితోపాటు పోటీ పడవలసినదే.

రెండు తెలుగు రాష్ట్రాలలో కానిస్టేబుల్, సబ్ ఇన్‌స్పెక్టర్ నియామకాలను రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండళ్లు నిర్వహించును. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత అవసరం. షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థులు పదవ తరగతి ఉత్తీర్ణులై ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాలు చదివి ఉండిన చాలును. కనీస వయస్సు 18 సంవత్సరాలు. సాధారణంగా పురుష అభ్యర్థులకు 167.6 సెంటీమీటర్లు, మహిళా అభ్యర్థులకు 152.5 సెంటీమీటర్లు కనీస ఎత్తుగా నిర్ణయించబడినది. తెలంగాణలో 2022 నాటి నియామకాలలో పురుషులు 1,600 మీటర్ల పరుగును 7 నిమిషాల 15 సెకన్లలోను, మహిళలు 800 మీటర్ల పరుగును 5 నిమిషాల 20 సెకన్లలోను పూర్తి చేయవలసి ఉండినది. సబ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి డిగ్రీ ఉత్తీర్ణత, 21 సంవత్సరాల కనీస వయస్సు అవసరం. డీఎస్పీ పదవికి రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే గ్రూప్-1 పరీక్ష, ఐపీఎస్‌కు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే సివిల్ సర్వీసుల పరీక్ష మార్గములు. ఐపీఎస్‌కు ఎంపికైనవారు శిక్షణ పొందే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ హైదరాబాదులోనే ఉన్నది.

కేంద్ర సాయుధ పోలీసు బలగాలలో కానిస్టేబుల్ ఉద్యోగాలకు పదవ తరగతి ఉత్తీర్ణత సరిపోవును. ఈ పరీక్షను హిందీ, ఆంగ్లములతోపాటు తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషలలో వ్రాసే అవకాశం 2024లో మొదటిసారిగా కల్పించబడినది. తెలుగు మాధ్యమంలో చదివిన గ్రామీణ విద్యార్థులకు ఇది ప్రయోజనకరమైన మార్పు. ఈ బలగాల నియామకాలలో ఎన్.సి.సి. 'సి' సర్టిఫికెట్ గలవారికి 5 శాతం, 'బి' సర్టిఫికెట్‌కు 3 శాతం, 'ఎ' సర్టిఫికెట్‌కు 2 శాతం అదనపు మార్కుల సదుపాయం కలదు. 1948లో ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడిన ఎన్.సి.సి.కి, స్టూడెంట్ పోలీస్ కేడెట్ పథకానికి గల ఈ తేడాను విద్యార్థులకు ముందుగానే తెలియజేయుట సమంజసం.

ఎనిమిదవ తరగతిలో చేరే 13 సంవత్సరాల కేడెట్ కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు చేయుటకు కనీసం ఐదు సంవత్సరాలు, సబ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి ఎనిమిది సంవత్సరాలు వేచి ఉండవలెను. ఆ మధ్య కాలంలో చదువు మానకుండుట, ఆరోగ్యం కాపాడుకొనుట, నేరాలకు దూరంగా ఉండుట ముఖ్యం. తెలియని వయస్సులో పొరపాటు చేసిన బాలలకు సైతం దారి మూసుకొని పోదు. బాల న్యాయ చట్టం, 2015 లోని 24వ సెక్షను ప్రకారం, బాల న్యాయ విధానంలో విచారింపబడిన బాలలకు ఆ కారణంగా ఎట్టి అనర్హతా కలుగదు. తీవ్ర నేరాలకు పాల్పడి, పెద్దలతో సమానంగా విచారింపబడిన 16 సంవత్సరాలు నిండిన వారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు.

బాలికల భాగస్వామ్యం

దేశంలోని పోలీసు బలగాలలో మహిళల వాటా 2022 జనవరి 1 నాటికి 11.75 శాతం మాత్రమే. ఈ వాటాను 33 శాతానికి పెంచవలసిందిగా కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పలు పర్యాయములు సూచించినది. ఈ నేపథ్యంలో 44 మందిలో 22 మంది బాలికలు ఉండవలెనన్న కేరళ నిబంధనకు ప్రాధాన్యం కలదు. కవాతు మైదానంలో తన తోటి బాలురతో సమానంగా నిలిచిన బాలికకు, ఆమె తల్లిదండ్రులకు పోలీసు ఉద్యోగం అందని విషయంగా తోచదు. పాఠశాలకు శిక్షణ నిమిత్తం మహిళా కానిస్టేబుల్ లేదా మహిళా సబ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన యెడల ఆ ప్రభావం మరింత పెరుగును.

ఇతర దేశాల అనుభవం

బ్రిటన్‌లో వాలంటీర్ పోలీస్ కేడెట్స్ పేరిట 13 నుండి 18 సంవత్సరాల వయస్సు గల యువతకు ఇటువంటి కార్యక్రమం అమలులో ఉన్నది. భవిష్యత్తులో పోలీసు ఉద్యోగులను నియమించుకొనుట తమ ఉద్దేశం కాదని, సాహస ప్రవృత్తిని, సత్పౌరసత్వాన్ని పెంపొందించుటే లక్ష్యమని ఆ సంస్థ స్వయంగా ప్రకటించినది. కేడెట్లలో నాలుగవ వంతు మందిని నేరాల బారిన పడే అవకాశమున్న, లేదా సామాజికంగా దుర్బలమైన నేపథ్యం నుండి తీసుకొనవలెనన్నది అక్కడి ఆశయం. క్రమశిక్షణ గల విద్యార్థులను మాత్రమే ఎంపిక చేసిన పక్షంలో, పోలీసులతో సత్సంబంధం ఎవరికి అత్యవసరమో వారే వెలుపల ఉండిపోవుదురన్న గ్రహింపు ఇందులో ఉన్నది. హాజరు, మార్కులు, శారీరక సామర్థ్యం ఆధారంగా ఎంపిక జరిపే మన పాఠశాలలు ఈ అంశాన్ని పరిశీలింపవచ్చును.

అమెరికాలో పోలీస్ ఎక్స్‌ప్లోరర్స్ కార్యక్రమం ప్రధానంగా వృత్తి పరిచయానికి ఉద్దేశింపబడినది. 14 నుండి 20 సంవత్సరాల వయస్సు వారు ఇందులో చేరుదురు. విధి నిర్వహణలో ఉన్న అధికారితో కలసి గస్తీ వాహనంలో ప్రయాణించుట యువతను మిక్కిలి ఆకర్షించే అంశం. అయితే 2024లో అక్కడి మార్షల్ ప్రాజెక్ట్ అను వార్తా సంస్థ ప్రచురించిన పరిశోధన, కొన్ని దశాబ్దాల కాలంలో ఈ కార్యక్రమంలోని యువతపై పోలీసు సిబ్బంది లైంగిక వేధింపులకు, అనుచిత ప్రవర్తనకు పాల్పడినట్లు కనీసం 194 ఆరోపణలు వచ్చినట్లు వెల్లడించినది. బాధితులలో అధికులు బాలికలు. అధికార హోదా గల పెద్దలకు, వారిని ఆదర్శంగా భావించే పిల్లలకు మధ్య పర్యవేక్షణ లేని ఏకాంతం ఎంతటి ప్రమాదానికి దారి తీయునో ఈ అనుభవం తెలియజేయుచున్నది.

కేడెట్ల భద్రత

యూనిఫాం ధరించినంత మాత్రాన కేడెట్ పోలీసు కాడు. కేడెట్‌కు చట్టరీత్యా సోదా చేసే అధికారం గాని, వాహనాలను నిలిపి తనిఖీ చేసే అధికారం గాని, ఎవరినైనను నిర్బంధించే అధికారం గాని లేదు. 18 సంవత్సరాలు నిండని ప్రతి కేడెట్ చట్టం దృష్టిలో బాలలే. బాలలకు గల రక్షణలన్నియు వారికి వర్తించును.

లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం క్రింద పోలీసు అధికారి తన స్టేషను పరిధిలో గాని, విధి నిర్వహణలో గాని, పోలీసు అధికారిగా గుర్తింపబడిన స్థితిలో గాని బాలలపై పాల్పడే నేరాన్ని తీవ్రతరమైన నేరంగా పరిగణించి అధిక శిక్ష విధిస్తారు. నేరం జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తీ ఫిర్యాదు చేయవలెనని 19వ సెక్షను నిర్దేశించుచున్నది. తెలిసియు తెలియజేయకుండుట 21వ సెక్షను ప్రకారం శిక్షార్హం. ఈ బాధ్యత పాఠశాల ప్రధానోపాధ్యాయునికి, శిక్షణకు వచ్చే కానిస్టేబుల్‌కు, శిబిర నిర్వాహకునికి సమానంగా వర్తించును.

ఈ దృష్ట్యా శిబిరాలకు, స్టేషను సందర్శనలకు తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి తీసుకొనుట, ఏ పెద్దయును ఏ కేడెట్‌తోను ఒంటరిగా ఉండకుండ ఏర్పాటు చేయుట, బాలికలున్న ప్రతి కార్యక్రమంలో ఉపాధ్యాయిని లేక మహిళా పోలీసు అధికారి తప్పనిసరిగా ఉండుట, ఎండ వేళలలో కవాతు జరుపకుండుట, ఊరేగింపులు, ధర్నాలు, సభల బందోబస్తులో కేడెట్లను నిలుపకుండుట అవసరమైన జాగ్రత్తలు. జాతర, ఉత్సవాల వేళ త్రాగునీరు అందించుట, వృద్ధులకు దారి చూపుట వంటి సేవలకును, రద్దీని అదుపు చేసే పోలీసు విధులకును మధ్య హద్దు స్పష్టంగా ఉండవలెను. ఫిర్యాదు చేయదలచిన కేడెట్‌కు తమ పాఠశాల, తమ స్టేషను కాక మూడవ మార్గం ఒకటి తెలిసి ఉండవలెను. 1098 నంబరు ఇందుకు ఉపకరించును.

పరిశీలింపదగిన అంశాలు

పథకం అమలును సమీక్షించే అధికారులు, వార్తలు సేకరించే పాత్రికేయులు ఈ క్రింది అంశాలను పరిశీలించుట ఉపయుక్తం:

1. గత విద్యా సంవత్సరంలో పాఠశాలలో వాస్తవంగా జరిగిన తరగతుల సంఖ్య.

2. శిక్షణ పొందిన ఉపాధ్యాయుల సంఖ్య, బదిలీల అనంతరం వారి స్థానంలో ఏర్పాటు.

3. పాఠశాలకు కేటాయించిన నిధుల వినియోగం.

4. కేడెట్లలో బాలికల సంఖ్య. రెండవ సంవత్సరం వరకు కొనసాగిన బాలికల సంఖ్య.

5. చదువులో వెనుకబడిన, హాజరు తక్కువగా ఉన్న విద్యార్థులకు కల్పించిన అవకాశం.

6. శిబిరాలలో భద్రతా నిబంధనల అమలు, ఫిర్యాదుల స్వీకరణకు ఏర్పాటు.

7. పోలీసు ఉద్యోగాల అర్హతలపై విద్యార్థులకు, తల్లిదండ్రులకు సరైన సమాచారం అందినదీ లేనిదీ.

కేడెట్లుగా శిక్షణ పొందినవారిలో పోలీసు శాఖలో చేరువారు కొందరే ఉందురు. తక్కినవారు ఉపాధ్యాయులుగా, రైతులుగా, వ్యాపారులుగా, గృహిణులుగా స్థిరపడుదురు. వారిలో ఒకరు ఆపద వేళ సంకోచింపక పోలీసు స్టేషను మెట్లెక్కి తమ ఫిర్యాదును స్పష్టంగా చెప్పగలిగిననాడు, స్టేషనులోని అధికారి వారిని కూర్చుండబెట్టి ఆ ఫిర్యాదును నమోదు చేసిననాడు పథకం ఉద్దేశం నెరవేరినట్లగును. విద్యార్థికి ఇచ్చే శిక్షణలో పోలీసు సిబ్బందికి కూడ నేర్చుకొనవలసిన పాఠం ఇమిడి ఉన్నదని గుర్తించుట ఈ పథకం విజయానికి తొలి మెట్టు.